లాక్కున్నాడని బిడ్డను తిట్టకండి

సంపాదకులకు,

అయ్యా, మా పర్లాకిమిడిలో పిల్లల్ని సంరక్షణ కేంద్రంలో దింపి పనికి వెళ్ళే తల్లిదండ్రులు కొందరు, రెండేళ్ళ బిడ్డ తన బొమ్మ ఎవరికీ ఇవ్వడం లేదనీ, పైగా పక్కవాడిది లాక్కుంటున్నాడనీ ఆయాల మీద విరుచుకుపడుతున్నారు. ఆ వయసులో అది మొండితనం కాదు; అంత చిన్నపిల్లలు కలిసి ఆడడం కన్నా పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడమే ఎక్కువని పిల్లల ఆటలను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లోనే రాశారు.

మా మనవరాలు వెళ్ళే చోట ఒకే బకెట్ కోసం ఇద్దరు పెనుగులాడుతుంటే, ఒడియా ఆయా వచ్చీరాని తెలుగులో "పది దాకా పాప, తర్వాత బాబు" అని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఏడు దాటకముందే బాబు బకెట్ సంగతి మరిచి ఇసుకలోకి పోయాడు. (రేషన్ దుకాణం వరసలో మనకు ఆపాటి ఓపిక కూడా ఉండదు.)

అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళు నిండినవారికే. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ వసతి ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పినా, మా వంటి ఊళ్ళలో అంత పెద్ద సంస్థలు అరుదు. కాబట్టి చిన్న కేంద్రాల ఆయాలకైనా తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ శిక్షణ ఇప్పించాలనీ, ఒకే రకం బొమ్మలు రెండేసి ఉంచేలా చూడాలనీ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా