పాత సైనిక రివాల్వర్లకు మెరుగు పెట్టకండి, ముందు వాటి గుర్తులు రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

లైసెన్సుదారు కన్నుమూశాక వారసులు అప్పగించే పాత సైనిక రివాల్వర్లను ఎలా పరిశీలించాలి, రిజిస్టరులో ఏమేమి రాసుకోవాలి అన్న విషయం అధికారుల దృష్టికి తేవాలని, మా ఇంట జరిగిన నష్టాన్ని ముందుంచి ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మగారి తండ్రి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మెసపొటేమియాలో సైనిక వైద్యుడిగా పనిచేసి, కోనసీమకు తిరిగి వస్తూ తెచ్చుకున్న వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ ఆయన తర్వాత లైసెన్సు మీద మా మేనమామ గారి ఇంట ఉండేది. మామయ్య పోయాక పిల్లలెవరూ లైసెన్సు కోరుకోలేదు కనుక చట్టప్రకారం దాన్ని ఒక డీలరు వద్ద డిపాజిట్ చేశాం. రసీదులో ‘పాత రివాల్వర్ ఒకటి, తుప్పు పట్టినది’ అన్న ముక్క తప్ప నంబరు గాని, సంవత్సరం గాని రాయలేదు. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే, ఆ డీలరు మాకు మేలు చేస్తున్నానన్న ఉద్దేశంతోనే, దాన్ని ఉప్పుకాగితంతో రుద్దించి, బఫింగ్ (తిరిగే చక్రంతో మెరుగు) పట్టించి, నికెల్ పూత వేయించి ఉంచారు. 1917 అన్న అంకెల్లో చివరి ఏడు మాత్రమే వేలికి తగిలింది. నాకు నోట మాట రాలేదు.

పోయింది ఏమిటో చెప్పాలంటే ఆ ఆయుధం సంగతి కొంత చెప్పాలి. 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఈ నమూనాను బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారుచేసింది. ఆరు తూటాలు పట్టే, .455 సైజు (క్యాలిబర్) రివాల్వర్ ఇది. బ్రిటిష్ ప్రభుత్వపు ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో ఇదే నమూనా తయారీ 1921లో గాని మొదలుకాలేదు కనుక, మొదటి యుద్ధంలో వాడినదని చెప్పే రివాల్వర్ మీద ఎన్‌ఫీల్డ్ ముద్ర కనిపిస్తే ఆ కథ పొసగదు. ఫ్రేము మీది నంబరు, తూటాలు పట్టే సిలిండరు మీది నంబరు ఒకటేనా, ప్రభుత్వ ఆస్తిని సూచించే బాణం గుర్తు ఎక్కడుంది, పిడికి వేసిన నల్లని వల్కనైట్ (గట్టిపరచిన రబ్బరు) పలకలు అప్పటివేనా, పిడి అడుగున తాడు కట్టుకునే రింగు ఉందా అన్నవి తొలి ప్రశ్నలు. నంబర్లు కలవనంత మాత్రాన మోసమని తేల్చకూడదు. సైనిక వర్క్‌షాపుల్లో మరమ్మతు చేసినప్పుడు సిలిండర్లు మారిన సందర్భాలున్నాయి. అదే, ఇప్పటి పాకిస్తాన్‌లోని దర్రా ఆదం ఖేల్‌లో చేత్తో చేసిన నకళ్ల మీద అక్షరాలు తిరగబడి, స్పెల్లింగులు తప్పి ఉంటాయి; ఆ తేడా ముద్ర చెక్కుచెదరకుండా ఉంటేనే తెలుస్తుంది.

స్థితిని అంచనా వేయడంలో మనవాళ్లు పొరబడేది మెరుపు దగ్గరే. అసలు నీలినలుపు పూత పలచబడి, అంచుల దగ్గర బూడిదరంగు తేలినా, అక్షరాల అంచులు పదునుగా, స్క్రూల గాడులు చెదరకుండా ఉన్న రివాల్వర్ తళతళలాడే దానికన్నా ఎన్నో రెట్లు విలువైనది. బఫింగ్ చక్రం పడితే చదునుగా ఉండాల్సిన చోట్లు అలలు తేలతాయి, అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం సొట్టపడినట్టు దిగుతుంది. దాన్ని మళ్లీ వెనక్కి తీసుకురావడం ఎవరి వల్లా కాదు.

మా రివాల్వర్ ఎడమవైపున సన్నని గుంటలుండేవి. 1986 ఆగస్టు వరదలో భోషాణంలోకి నీరు చేరినప్పుడు అది తోలు ఒరతో సహా ఒండ్రులో ఎడమవైపుకు ఒరిగి ఉండిపోయింది. తడిసిన తోలు నీటిని వదలక లోహాన్ని తింటుందని అప్పుడు ఎవరికీ తెలియదు. మా అత్తయ్య ఒర తీసేసి, ఏటా సంక్రాంతికి ముందు మామయ్య చేత కొబ్బరినూనె గుడ్డతో తుడిపించేది. ఆ గుంటలు కూడా ఇప్పుడు లేవు. వాటిని లోపాలనే అనుకోండి, అయినా అవి ఆ వస్తువు మా డెల్టాలో గడిపిన కాలానికి సాక్ష్యాలు.

చట్టం మాట. వయసు నూరేళ్లు దాటినంతలో లైసెన్సు అక్కర్లేదని అనుకోవడం తప్పు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధాలకే మినహాయింపు ఇస్తుంది. మరోవైపు 1972 పురావస్తువుల చట్టం చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లకు తక్కువ కాని వస్తువులను పురావస్తువులుగా గుర్తిస్తుంది. 1917 నాటి రివాల్వర్ ఈ రెండు చట్టాల మధ్య నిలబడి ఉంది. డిపాజిట్ చేసిన ఆయుధాన్ని గడువులోగా తీసుకోకపోతే అది ప్రభుత్వపరం కావచ్చు. 2019 సవరణతో ఒక్కరి వద్ద ఉండదగిన ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి కనుక, వారసత్వంగా వచ్చిన మూడోదాన్ని అప్పగించవలసిన కుటుంబాలకూ ఈ ప్రశ్న ఎదురైంది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి ఆయుధాలు తీసుకెళ్లింది. వాటిలో ఏ ఒక్కటైనా రేపు ఎవరి అటక మీదో బయటపడితే, దాన్ని గుర్తుపట్టడానికి దాని మీది ముద్రలే దిక్కు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులు వెళ్లారు. అలాంటి ఊళ్లున్న జిల్లాల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

అందుచేత కలెక్టర్లకు, పోలీసు అధికారులకు నా విన్నపం ఇది. పాత ఆయుధం స్టేషనుకు గాని డీలరుకు గాని చేరిన రోజునే, పోలీసు ఆర్మరర్ (ఆయుధాల బాగోగులు చూసే ఉద్యోగి) అందులో తూటాలు లేవని సరిచూశాక, రెండు వైపులా ఫొటోలు తీసి, నంబర్లు, సంవత్సరం, ముద్రలు ఉన్నవి ఉన్నట్టు రాసి, ఆ నకలు వారసులకు ఇవ్వాలి. రాతపూర్వక అనుమతి లేనిదే రుద్దడం, పూత వేయడం నిషేధించాలి. నూరేళ్లు దాటినదని తేలితే, దాన్ని ధ్వంసం చేసే ముందు రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం వారికి చూపించాలి. మా తాతగారి రివాల్వర్ ఇంకా ఆ డీలరు వద్దే ఉంది. నికెల్ కింద సిలిండరు మీది నంబరు ఇప్పటికీ సగం కనిపిస్తోంది. కనీసం దాన్నైనా రిజిస్టరులో ఎక్కించమని ఈ వారమే దరఖాస్తు ఇచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం