జ్వరమంటే ముందు రక్తం చూడమనండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మలేరియా పరీక్షల కోసం సోమవారం గ్రీవెన్స్‌లో నేనిచ్చిన మూడు అర్జీలూ పరిష్కారమైనట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. మా లంకకు మాత్రం ఎవరూ రాలేదండీ. అందుకే ఈ ఉత్తరం.

మా తమ్ముడు రోడ్డు పనికి మారేడుమిల్లి ఏజెన్సీ వైపు వెళ్లాడు. తిరిగొచ్చిన పదో రోజు మిట్టమధ్యాహ్నం చలి మొదలైంది. రెండు రగ్గులు కప్పి అమ్మ గట్టిగా పట్టుకున్నా మంచం ఊగిపోయింది. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. తల పగిలిపోతోందని ఏడ్చాడు, వాంతులు చేసుకున్నాడు. పొద్దుగూకేసరికి చెమటలకు దుప్పటి తడిసి ముద్దయింది. మర్నాడు లేచి కొబ్బరి ఒలుపుకి వెళ్లాడు. తగ్గిందనుకున్నాం. మూడో రోజు అదే వేళకు మళ్లీ చలి.

పడవ దాటించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. వైరల్ అని మాత్రలిచ్చారు. ఏజెన్సీకి వెళ్లొచ్చాడండీ అని రెండుసార్లు చెప్పాను. "మలేరియా అక్కడి జబ్బు, ఇక్కడెక్కడిది" అన్నారు. ప్రైవేటులో టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు. తొమ్మిదో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాషన్‌లా వచ్చింది, అమ్మని "ఎవరు నువ్వు" అన్నాడు. అప్పుడు కాకినాడలో రక్తం చూసి ఫాల్సిపేరం, అంటే ప్రాణం తీసే రకం మలేరియా, మెదడుకెక్కింది అన్నారు. బతికాడు. ఇప్పటికీ బస్తా ఎత్తలేడు.

వేలి మీద గుచ్చి కిట్‌లో చూస్తే ఇరవై నిమిషాల్లో తేలేదానికి తొమ్మిది రోజులు పోయాయి.

డెంగ్యూ కోసం శుక్రవారం నిల్వనీళ్లు పారబోసే డ్రై డే చేయిస్తున్నారు, మంచిదే. డెంగ్యూది పగలు కుట్టే దోమ. రాత్రి కుట్టే మలేరియా దోమ మాటే ఎవరూ ఎత్తరు. మలేరియాలో చలి, జ్వరం, చెమట వరసగా రావాలనీ లేదు. మొదట్లో రోజూ జ్వరం రావచ్చు, చంటిపిల్లలకు వణుకు కనపడకపోవచ్చు. నడుమ బాగున్న ఆ ఒక్క రోజే మా కొంప ముంచింది. ఇవన్నీ నేను కాకినాడ వార్డులో కూర్చుని నేర్చుకున్నాను. ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

2030కల్లా మలేరియా లేకుండా చేయాలన్న లక్ష్యం మీకు తెలిసిందే. మా ఆశా కార్యకర్త సంచీలో ఒక్క కిట్టూ లేదు. పెట్టించండి. జ్వరమని వచ్చినవాళ్లని "ఈ మధ్య ఏ ఊరు వెళ్లొచ్చావు" అని అడగమనండి. రక్తం చూడకుండా పంపొద్దని చెప్పండి. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

మా లంక కుర్రాళ్లు ఇంకా పన్నెండు మంది అదే పనిలో ఉన్నారు. సంక్రాంతికి ఇళ్లకొస్తారు. ఆలోగా కిట్లు పంపించండయ్యా.

ఇట్లు,
కోనసీమ లంక గ్రామం నుంచి ఒక అక్క