సెట్ అనే మాటకు భయపడకు బిడ్డా

బిడ్డా, మంచిగున్నవా. మొన్న రాత్రి ఫోన్ల నువ్వన్న మాట ఇంకా నా మనసుల్నే ఉన్నది, సెట్ అనే మూడక్షరాల మాటకే డిక్షనరీల పేజీలకు పేజీలున్నయి నాయినా, తెలుగు మీడియం పిల్లకు ఇంగ్లీష్ డిగ్రీ ఎందుకు అని. ఫోన్ల తెగే ముచ్చట కాదు, అందుకే కూసొని రాస్తున్న.

ఆ మాట డిక్షనరీ రాసినోళ్లనే సతాయించింది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1928ల పూర్తయినప్పుడు అన్నిటికన్న పెద్ద ఎంట్రీ దానిదే, 1989 రెండో ఎడిషన్ల గూడ అదే, ఉత్త క్రియకు 430 అర్థాలు, అప్, ఆఫ్ లాంటివి కలిసినయి గూడ లెక్కేస్తే 580 దాక, అదంత రాయనీకి 60,000 మాటలు పట్టినయి. తర్వాత సవరించుకుంట పోతే 2000ల మేక్ దాన్ని దాటింది, 2007ల పుట్ మేక్‌ను దాటింది, 2011ల రన్ పుట్‌ను గూడ దాటింది, రన్‌కు 645 అర్థాలు. అన్నీ చిన్న మాటలే చూడు, పొద్దంత జనం నోట్ల నానేటివే ఇట్ల పెరుగుతయి.

ఇప్పుడు మన పెట్టు తీస్కో. అలారం పెడ్తవ్, నిప్పు పెడ్తరు, ఎలుకకు బోను పెడ్తరు, సరుకుకు రేటు పెడ్తరు. ఈ నాలుగు చోట్ల ఇంగ్లీషోడు సెట్టే అంటడు! ఇగ మనం అన్నం పెడ్తం, పేరు పెడ్తం, దండం పెడ్తం, కోడి గుడ్డు పెడ్తది, అక్కడ వాని సెట్ పనికిరాదు. ఇన్ని పెట్టులు నీకు ఎవ్వరు నేర్పిండ్రు చెప్పు, లిస్టు రాసుకొని బట్టీ పట్టినవా? పక్క మాటను బట్టి నీకే తెలుస్తది.

సెట్ అసలు పాత ఇంగ్లీష్ల కూసోబెట్టుడు అనే అర్థం నుంచి వచ్చింది, సిట్‌కు సొంత చుట్టమే. టీ సెట్, మీ టెన్త్ లెక్కల సమితులు, ఈ సెట్ మాత్రం వేరే, గుంపు అనే అర్థంతోని లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగ వచ్చి దీంట్ల కలిసిపోయింది. అంటే రెండు వేరే మాటలు ఒక్క స్పెల్లింగ్‌ల ఉన్నయి, అందుకే నీకు తల తిరిగింది. ఎంసెట్‌ల సెట్ అయితే అసలు మాటే కాదు, కామన్ ఎంట్రెన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు.

నా సైట్ మీద గూడ ఇదే మాట రెండు తీర్ల నడుస్తది. సిమెంట్ సెట్ అయ్యిందంటే బిగుసుకున్నదని అర్థం, గట్టిపడి బలం వచ్చిందని కాదు. మామూలు సిమెంట్ 30 నిమిషాల లోపల సెట్ కావొద్దని రూలు, అందుకే ఫ్యాక్టరీల జిప్సం కలుపుతరు, లేకుంటే నీళ్లు తగలంగనే బిగుసుకుంటది. పూర్తి బలం లెక్క చూసేది 28 రోజులకు, మొదట్ల కనీసం ఏడు రోజులన్న నీళ్లు కొట్టాలె. మళ్ల అదే మున్సిపాలిటీ ప్లాన్‌ల సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టు వదిలే జాగ, ఇంగ్లీష్ పేపర్ల సెట్‌బ్యాక్ అంటే ఎదురుదెబ్బ. మా పాలమూరు మేస్త్రీలు ఏ డిక్షనరీ చూడకుంటనే వీటిని రోజూ వాడుతరు, ఒక్కనాడు గూడ తికమక పడరు.

అందుకే సెట్ పేజీ మొత్తం చదవకు. పాఠంల సెట్ అవుట్, అంటే బయల్దేరుడు, వస్తే ఆ వాక్యం మొత్తం నోట్స్‌ల రాస్కో, సెట్ ఇన్ వస్తే అది గూడ అట్లనే, వానాకాలం మొదలైంది అనే వాక్యంతో సహా. ఏ వాక్యం పడకుంటే అది ఫోటో తీసి పంపు, రాత్రి పని అయినంక ఇద్దరం కలిసి చూద్దం. కాలేజీ మారుడు ముచ్చట మాత్రం ఈ సెమిస్టర్ అయ్యేదాంక తియ్యకు. శనివారం జడ్చర్ల కాడ బస్సెక్కే మామతోని మీ అమ్మ సకినాలు పంపుతున్నది, హాస్టల్ల అందరికి పంచు.

నాయిన