బ్లీచింగ్ మీద ద్రావణం చల్లితే రెండూ దండగే

సంపాదకులకు,

విశాఖలో చేపల మార్కెట్ల దగ్గర నీచు వాసనకు మేలు చేసే సూక్ష్మజీవుల ద్రావణం (ఇ.ఎం.) బాగా పనిచేస్తుంది. కానీ పొద్దున బ్లీచింగ్ చల్లిన చోటే మధ్యాహ్నం దాన్ని పిచికారీ చేయకూడదు. క్లోరిన్‌కు ఆ జీవులు చచ్చిపోతాయి. పైగా ద్రావణం పులుపు తడి బ్లీచింగ్‌కు తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. చల్లే మనిషి ఊపిరితిత్తులకు అది ప్రమాదం.

నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమైన్ అనే రసాయనం. ఇది క్షారం. పులుపు తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవదు. చేప ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే నీచు తగ్గేదీ అందుకే. ద్రావణంలోని లాక్టిక్ ఆమ్లం అప్పటికప్పుడు ఆ పని చేస్తుంది, బ్యాక్టీరియా ఆ తర్వాత కుళ్లును అదుపులో పెడుతుంది.

చల్లే ద్రావణం తయారీకి ఒక లీటరు ఇ.ఎం. మూల ద్రావణం (పాలకు తోడులాంటిది), కిలో అనకాపల్లి బెల్లం, 18 లీటర్ల నీళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములో కలపాలి. కుళాయి నీళ్లయితే ముందు ఒక రోజంతా మూత తీసి ఉంచాలి, లేకపోతే అందులోని క్లోరిన్‌తోనే పని చెడుతుంది. డ్రమ్ము నిండా పోయకూడదు. రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి, లేదంటే డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. వారానికి తీపి కలిసిన పుల్లటి వాసన రావాలి, పీహెచ్ కాగితం (పులుపు ఎంతో చూపే కాగితం) మీద 4 కంటే తక్కువ చూపాలి. పైన తెల్లటి పొర కట్టినా ఫర్వాలేదు. కుళ్లు కంపు కొడితే మాత్రం పారబోయాలి.

బండల మీద నెత్తురు, పొలుసు ముందు కడిగేసి, లీటరు ద్రావణానికి 50 లీటర్ల నీళ్లు కలిపి చల్లితే చాలు. వ్యర్థాల బుట్టలో లీటరుకు 20 చొప్పున వాడి, గంప చేప వ్యర్థానికి రెండు గంపల కొబ్బరి పొట్టు వేయాలి. పొట్టు లేకుండా ఉత్త ద్రావణం పోస్తే తడి ఎక్కువై గాలి ఆడక కంపు పెరుగుతుంది.

గెడ్డల (మురుగు పారే వాగుల) సంగతి వేరు. నల్లటి పూడిక ఉన్న చోట పుల్లటి ద్రావణం పోస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన తగ్గకపోగా పెరగొచ్చు. ఆమ్లం తగిలితే పూడికలోని సల్ఫైడ్ (గంధకపు పదార్థం) వాయువుగా మారి పైకి వస్తుంది. అక్కడ ముందు పూడిక తీయాలి.

కాలనీల్లో సింకులకు, మరుగుదొడ్లకు నిమ్మ తొక్కల ద్రావణం చాలు. బీచ్ రోడ్డు సోడా బండ్ల దగ్గర తొక్కలకు కరువు లేదు. బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్లు లీటరు కలిపి 3 నెలలు పులియనివ్వాలి.

నగరపాలక సంస్థ ప్రతి మార్కెట్‌లో ద్రావణానికీ బ్లీచింగ్‌కూ వేర్వేరు రోజులు కేటాయించాలి. డ్రమ్ము మీద కలిపిన తేదీ రాయించాలి, తయారయ్యాక నెల దాటినదాన్ని వాడనివ్వకూడదు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం