‘తగినంత’ అంటే పిల్లలకు ఎంత?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరు అపార్టుమెంట్ల లిఫ్టుల్లో ‘మంట లేని వంట’ క్యాంపుల పోస్టర్లు వెలుస్తాయి. లోపల జరిగేది చాలావరకు బిస్కెట్ల మీద క్రీము పూసి, పైన రంగురంగుల చాక్లెట్ బిళ్లలు అద్దడమే. దాన్ని అలంకరణ అనుకోవచ్చు, వంట అనలేం. పొయ్యి అక్కర్లేనివి మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీరామనవమి వడపప్పును ఐదేళ్ల పిల్ల మొదటినుంచి చివరిదాకా తనే చేయగలదు. ‘కాసేపు నాననివ్వు’, ‘తగినంత ఉప్పు వెయ్యి’ అని వదిలేస్తే మాత్రం చేయలేదు. కాసేపు ఎంతో, తగినంత ఎంతో తెలియడానికి మనకే పదేళ్లు పట్టింది.

అర కప్పు పెసరపప్పు చిల్లుల గిన్నెలో పోసి, కుళాయి కింద మూడుసార్లు కడగాలి. మామూలు గిన్నెలో కడిగి వంచమంటే సగం పప్పు సింకులోకి పోతుంది. ఒక గంట నానాక ఒక బద్దను గోటితో నొక్కి చూడాలి, పుటుక్కున విరిగితే అయినట్టు. రాత్రంతా వదిలేస్తే మెత్తబడి పులిసిన వాసన వస్తుంది. నీళ్లు పూర్తిగా వడకట్టి, రెండు చెంచాల కొబ్బరి కోరు, గుప్పెడు కీరా తురుము, అర చెక్క నిమ్మరసం కలపాలి. పావు చెంచా ఉప్పు తినే ముందే వేయాలి. ముందే వేస్తే కీరా నీరు వదిలి గిన్నె అడుగున చేరుతుంది. పచ్చిమిర్చి వద్దు, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు.

ఇక్కడ పెద్దలకో మాట. చాకు గురించి భయపడేవాళ్లు తురుము పీటను తేలిగ్గా చేతికిచ్చేస్తారు. వేళ్లు గీసుకునేది దాని మీదే. కీరా బొటనవేలంత మిగలగానే ఆపేసి, ఆ ముక్క తినేయమనండి. పీట కింద తడిగుడ్డ పరిస్తే జారదు.

పెరుగు తోడు పెట్టడం దీనికంటే మంచి పాఠం, ఎందుకంటే తప్పు జరిగితే తెల్లారేసరికి గిన్నెలోనే కనిపిస్తుంది. అర లీటరు పాలు పెద్దవాళ్లు కాచి దించాలి. ‘గోరువెచ్చగా’ అనే మాట పిల్లలకు అందదు. పెద్దవాళ్లు ముందు తాకి చూశాక, పిల్ల గిన్నె బయట అరచెయ్యి ఆనించి ఇబ్బంది లేకుండా పది లెక్కపెట్టగలిగితే అదే అదను. మరీ వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, చల్లారిపోతే పొద్దున్నకీ పాలు పాలుగానే ఉంటాయి. వేసవిలో ఒక చెంచా పెరుగు, ఐదారు గంటలు. జనవరిలో ఇక్కడ రాత్రి 15, 16 డిగ్రీలకు దిగుతుంది కాబట్టి రెండు చెంచాలు వేసి, హాట్‌బాక్సులోనో బియ్యం డబ్బాలోనో పెట్టి పది, పన్నెండు గంటలు ఆగాలి. ఎన్నిసార్లు చెప్పినా మధ్యలో మూత తీసి, గిన్నె ఊపి చూస్తారు. పెరుగు గడ్డకట్టకుండా ముక్కలై నీరు తేలితే మొదట అనుమానించాల్సింది దాన్నే.

పొయ్యి ఎనిమిది, తొమ్మిదేళ్లకు చాలు, అదీ పెద్దవాళ్లు పక్కన నిలబడితేనే. గట్టు మీదకు మోచేయి రాకపోతే కదలని పీట వేయండి. మొదట కోడిగుడ్డు ఉడకబెట్టించండి, తాలింపు కాదు. చన్నీళ్లలోనే గుడ్డు వేసి పొయ్యి వెలిగించాలి, ఫ్రిజ్‌లోంచి తీసి మరిగే నీళ్లలో వేస్తే పెంకు పగులుతుంది. నీళ్లు మరిగినప్పటినుంచి లెక్క. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. విజయవాడ అమ్మమ్మ చెప్పిన పది నిమిషాలకు ఇంకో నిమిషమో రెండో కలుపుకోవాలి. వేడినీళ్లు వంపడం మాత్రం పెద్దవాళ్ల పని. పెంకు వెడల్పు వైపునుంచి ఒలిస్తే, లోపల గాలి ఖాళీ ఉంటుంది గనక, తేలిగ్గా ఊడుతుంది.

చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు. నీళ్ల కరువున్న ఊరే అయినా ఇక్కడ పొదుపు పనికిరాదు.

చివరగా మీకో విన్నపం. పిల్లల పేజీలో వంటకం వేసేటప్పుడు దయచేసి ‘ఉప్పు: తగినంత’ అని వేయకండి. అర చెంచా అయితే అర చెంచా అని వేయండి.

ఇద్దరు పాఠకులు,
మారతహళ్లి, బెంగళూరు