అన్నీ అర్జెంటే అయితే ఏఎన్‌ఎం ముందు ఏది చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

పని ఒత్తిడి గురించి పత్రికల్లో వచ్చే సలహాలు ఎక్కువగా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఊరంతా తిరిగే ఏఎన్‌ఎంకు, అంటే సబ్ సెంటర్ ఆరోగ్య కార్యకర్తకు, అవి అక్కరకు రావు. ఆమెను నలిపేసేది పని భారం ఒక్కటే కాదు. పైనుంచి వచ్చే ప్రతి పనీ ‘అర్జెంట్’ అనే పేరుతోనే వస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని చెప్పేవాళ్లు ఉండరు. ఈ ఉత్తరం దాని గురించే.

నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలి. ఆ జనాభాలో గర్భిణుల పరీక్షలు, బాలింతల పరామర్శ, పిల్లల టీకాలు, 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు, రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్ల తెమడ పరీక్ష, వానాకాలంలో జ్వరాల సర్వే అన్నీ ఆమె చేతి మీదుగా నడవాలి. ప్రతిదానికీ ఒక రిజిస్టరు ఉంది, చాలావాటికి ఒక యాప్ కూడా ఉంది. ఒక రోజులో ఇవన్నీ పూర్తికావు. కాబట్టి రోజూ ఏదో ఒకటి మిగిలిపోతుంది. మిగిలిపోయేది ఏదన్నదే అసలు ప్రశ్న. మనం ఎంచి పక్కన పెడితే అది కాగితం పని అవుతుంది. ఎంచకుండా వదిలేస్తే ఒక్కోసారి అది ఎనిమిదో నెల గర్భిణి అవుతుంది.

పనులను గడియారం చూసి విడదీయాలి. ఆ గడియారం ఆఫీసు గోడ మీదిది కాదు, రోగి ఒంట్లోది. గర్భిణికి బీపీ 140/90 ఉందంటే ఆ రోజే డాక్టరు చూడాలి. 160/110 ఉన్నా, బీపీతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా 108 పిలవాల్సిందే, ఇంకో ఇంటికి వెళ్లొచ్చాక అనుకోకూడదు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం కూడా ఇంతే. పసికందు పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా అది గంటల మీద నడిచే పని. ఏడో నెల దాటిన గర్భిణికి హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉంటే ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపకూడదు, ఆసుపత్రిలో చేర్పించాలి.

రోజుల మీద నడిచేవి ఇంకొన్ని. ఆసుపత్రిలో కాన్పయిన తల్లీబిడ్డలను ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. వీటిలో 3, 7 రోజులు తప్పిపోతే తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ నష్టం పూడదు, పసికందుకు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి వారంలోనే. టీబీ తేలినా మందులు మొదలుపెట్టనివాళ్లు, బీపీ మాత్రలు అయిపోయి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) రానివాళ్లు కూడా ఈ వరసలోకే వస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. టార్గెట్ అంతా కొత్తగా ఎంతమందికి స్క్రీనింగ్ చేశారన్నదాని మీదే ఉంటోంది. కానీ పక్షవాతం వచ్చేది నిన్న స్క్రీనింగ్ జరగని మనిషికంటే, రెండేళ్ల కిందటే బీపీ తేలి, మాత్రలు మానేసిన మనిషికి. మానేసిన పదిమందిని తిరిగి మందుల్లోకి తేవడం కొత్తగా వందమంది పేర్లు ఎక్కించడం కంటే పెద్ద పని.

టీకాలు వారాల లెక్క. ఈ బుధవారం రాని బిడ్డకు శనివారమో, వచ్చే బుధవారమో వేయవచ్చు. మధ్యలో ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి వేయాల్సిన పని లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగించాలి. అయితే చేజారిపోయేవి కొన్ని ఉన్నాయి. హెపటైటిస్ బి పుట్టిన 24 గంటల్లోపు, పుట్టినప్పుడు వేసే పోలియో చుక్కలు 15 రోజుల్లోపు పడాలి. బీసీజీకి (టీబీ టీకా), రోటా (విరేచనాల టీకా) మొదటి డోసుకు ఏడాదే గడువు. డ్యూ లిస్టు (టీకా వేయాల్సిన పిల్లల జాబితా) రాసేటప్పుడు ఈ గడువు దగ్గరపడ్డ పిల్లల పేర్లు పైన రాసుకోవాలి. పేర్లు అక్షరక్రమంలోనో ఇంటి నంబరు వరసలోనో రాస్తే ఆ బిడ్డ ఎక్కడో అడుగున ఉండిపోతాడు.

ఇక పొద్దున్నే చేయాల్సింది పది నిమిషాల పని. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రోజుకో పేజీ చాలు. దాంట్లో ‘ఏఎన్‌సీ విజిట్లు’ (గర్భిణుల పరీక్షలు), ‘ఎన్‌సీడీ పని’ (బీపీ, షుగర్ లాంటి జబ్బుల పని) అని రాస్తే ఉపయోగం లేదు, మనిషినీ, ఆ మనిషికి కావాల్సిన దాన్నీ రాయాలి. ‘ఎస్సీ కాలనీ, 8వ నెల, మళ్లీ బీపీ’, ‘రామాలయం వీధి, 3వ రోజు బాలింత, బిడ్డ బరువు’ అన్నట్టు. ఇలా ముందు తప్పనివి మూడు నుంచి ఐదు రాసి కింద గీత కొట్టాలి. గీత కింద మిగతావి ఎన్నైనా రాసుకోవచ్చు. గీత పైవి అయ్యేదాకా కిందికి దిగకూడదు. సాయంత్రానికి గీత కింద మిగిలినవి రేపటి పేజీలోకి వెళ్తాయి. ఒకే పని మూడు రోజులు వరసగా కిందే ఉండిపోయిందంటే దాన్ని ఎంఎల్‌హెచ్‌పీకో (సబ్ సెంటర్ స్థాయి ఆరోగ్య అధికారికో), ఆశకో అప్పగించాలి, లేదంటే ఎందుకు కావడం లేదో సూపర్‌వైజర్‌కు చెప్పాలి. తల్లులను పిలుచుకు రావడం, బరువులు చూడటం, మాత్రలు మింగారో లేదో కనుక్కోవడం ఆశ చేయగలదు. ఇంజక్షను, ఎవరు హైరిస్క్ (ప్రమాదం ఎక్కువున్నవాళ్లు) అన్న నిర్ణయం మాత్రం ఎంత హడావుడిలోనూ పక్కవాళ్లకు వదలకూడదు.

తొందర ఎక్కడ చేటు చేస్తుందో టీకాల రోజు చూస్తే అర్థమవుతుంది. ఐస్ ప్యాక్‌లను ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా టీకాలు మోసే క్యారియర్‌లో పెడితే వాటికి ఆనుకున్న పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), పీసీవీ (న్యుమోనియా టీకా), ఐపీవీ (పోలియో ఇంజక్షను), హెపటైటిస్ బి గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ఐస్ ప్యాక్‌ను బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. క్యారియర్ సర్దేది పీహెచ్‌సీలోనే అయినా, సెషన్ దగ్గర మూత తీసినప్పుడు ఏఎన్‌ఎం ఈ సంగతి ఒకసారి చూసుకోవాలి. ఆ నిమిషాన్ని దాటేసినందువల్ల జరిగిన నష్టం ఎవరికీ కనబడదు. టీకా పడినట్టే రికార్డులో ఉంటుంది, బిడ్డకు రక్షణ మాత్రం ఉండదు.

బీసీజీ, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్స్‌లోని పొడిని ఒకసారి ద్రావకంతో కలిపాక 4 గంటలే వాడాలి, తర్వాత పారేయాలి. పెంటావాలెంట్, పీసీవీ లాంటివైతే తెరిచాక కూడా వీవీఎం (వేడి తగిలితే రంగు మారే సీసా మీది గుర్తు) బాగుండి, చల్లదనం చెడకపోతే 28 రోజుల దాకా వాడుకోవచ్చు. ఈ రెండు లెక్కలూ ఒకే బుర్రలో, ఒకే మధ్యాహ్నం మోయాల్సి వచ్చినప్పుడు జ్ఞాపకాన్ని నమ్మకూడదు. వయల్ తెరిచిన క్షణంలోనే లేబుల్ మీద తేదీ, టైము పెన్నుతో రాయాలి. తర్వాత రాద్దామనుకుంటే ఏ వయల్ ఎప్పుడు తెరిచామో గుర్తుండదు. టైము దాటిన ఎంఆర్‌లో సూక్ష్మజీవులు పెరిగి బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

నెలన్నర బిడ్డ ఒక్కసారి వస్తే ఎన్ని పడతాయో చూడండి. నోట్లో పోలియో చుక్కలు, రోటా. కుడి జబ్బకు చర్మంలోకి ఐపీవీ 0.1 మి.లీ. కుడి తొడకు పీసీవీ 0.5 మి.లీ. ఎడమ తొడకు పెంటావాలెంట్ 0.5 మి.లీ. రెండు రకాల సిరంజీలు, మూడు వయల్స్, ఏడుస్తున్న బిడ్డ, కంగారుపడే తల్లి, వెనక వరస. ఈ సమయంలో ఫోన్ మోగి ‘సెషన్ ఫొటో ఇంకా గ్రూపులో పెట్టలేదేం’ అని అడిగితే చేతిలో ఉన్నది ఏ సిరంజీయో ఒక్క క్షణం తడబడుతుంది. అందుకే సెషన్ నడిచేంతసేపు ఫోన్ ఆశ చేతిలో ఉండాలి. టీకా వేశాక తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా వేశామో, దాంతో ఏం రావచ్చో, వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో. కార్డు జాగ్రత్త అని చెప్పి అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఆ అరగంట వృథా కాదు. చేతికి అందేలా అడ్రినలిన్ కిట్ (టీకా వికటిస్తే వాడే మందు) ఉందో లేదో సెషన్ మొదలుకాకముందే చూసుకోవాలి.

బీపీ కూడా తొందరకు బలయ్యేదే. గర్భిణి మెట్లెక్కి వచ్చీరాగానే, జాకెట్టు చెయ్యి మీదే కఫ్ చుట్టి చూస్తే వచ్చే అంకె నిజం కాదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మూత్రానికి వెళ్లి రమ్మని, బట్ట తొలగించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టించి చూడాలి. రిజిస్టరులో వరసగా అందరికీ 110/70, 120/80 కనిపిస్తే సూపర్‌వైజర్లు ఏఎన్‌ఎంను కోప్పడటం మాని, ఆ రోజు ఎంతమందిని చూడాల్సి వచ్చిందో అడగాలి. ఆ అంకెలు బద్ధకం వల్ల రావు. నలభై మందిని రెండు గంటల్లో చూడమంటే అవే వస్తాయి.

ఎంట్రీల విషయంలో ఒక వరస పెట్టుకుంటే సగం భారం తగ్గుతుంది. ముందు తల్లి చేతిలోని కార్డులో రాయాలి, తర్వాత రిజిస్టరులో, ఫోన్‌లో చివర. ఎందుకంటే అర్ధరాత్రి నొప్పులొచ్చి ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా అక్కడి డాక్టరు చేతికి ముందు అందేది ఆ కార్డే. ఫోన్ ఎంట్రీలకు సాయంత్రం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా గంట పెట్టుకుని, రిజిస్టరు ఎదురుగా పెట్టుకుని ఒకేసారి ఎక్కించాలి. ఇంటింటి దగ్గరా నిలబడి సిగ్నల్ కోసం చెయ్యి ఎత్తుకుని చేస్తే పనీ కాదు, ఎదుట ఉన్న మనిషినీ చూడలేం. గ్రూపు మెసేజ్‌లు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. ‘ప్రాణం మీదికి వస్తే ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టకండి’ అని ఆశలకూ పీహెచ్‌సీకీ ముందే చెప్పి ఉంచాలి.

పైనుంచి కొత్త పని వచ్చినప్పుడు కాదనడం ఉద్యోగంలో కష్టం. కానీ ఇలా రాయవచ్చు: ‘మేడమ్, ఈరోజు ఎస్సీ కాలనీలో బీపీ ఉన్న 8వ నెల గర్భిణిని పీహెచ్‌సీకి పంపాలి. సర్వే రేపు మధ్యాహ్నం రెండింటికి ఇస్తాను.’ కారణం, గడువు రెండూ అందులో ఉన్నాయి, రాతలో ఉన్నాయి. చాలామంది మెడికల్ ఆఫీసర్లు దీనికి సరేననే అంటారు.

ఆమె ఒంటి సంగతి కూడా పనిలో భాగమే. బయట మూత్రానికి చోటు దొరకదని నీళ్లు తాగకుండా తిరిగే ఏఎన్‌ఎంలు ఎందరో ఉన్నారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షను, తలనొప్పి, చిరాకు. వెళ్లే ఊళ్లో అంగన్‌వాడీయో, స్కూలో, నమ్మకమైన ఆశ ఇల్లో ఒకటి చూసిపెట్టుకుని, లీటరు సీసా వెంట ఉంచుకోవాలి. మధ్యాహ్నం అన్నం రెండింటికి మించి వాయిదా వేయకూడదు. ఒకే లేబుల్ రెండుసార్లు చదివినా బుర్రకెక్కకపోవడం, తల్లుల మీద అకారణంగా అరవడం అలసట ముదిరిందనడానికి గుర్తులు. ఒకసారి అరుపులు పడ్డ తల్లి మళ్లీ సెషన్‌కు రాదు, డ్రాపౌట్ కింద మన లెక్కలోనే చేరుతుంది. అలాంటప్పుడు ఐదు నిమిషాలు పక్కకెళ్లి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే గుండె దడ నెమ్మదిస్తుంది. దీనితో పని జాబితా తగ్గదు, చెయ్యి వణకడం తగ్గుతుంది. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

జిల్లా అధికారులను కోరేది కొంచెమే. ఏ ఆదేశం పంపినా దాంట్లో మూడు విషయాలు రాయండి: ఎప్పటికి కావాలి, ఎవరికి కావాలి, దీనికోసం ఏ పని వాయిదా వేయవచ్చు. మూడోది రాయలేకపోతే ఆ పని అర్జెంటో కాదో మళ్లీ ఆలోచించండి. గర్భిణులకు డాక్టరు పరీక్షలు జరిగే 9వ తేదీన, టీకాలు వేసే బుధ, శనివారాల్లో మధ్యాహ్నం రెండు దాకా జూమ్ మీటింగులు పెట్టకండి, ఫొటోలు అడగకండి. సెషన్ జరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఆ ఊరికి ఒకసారి వెళ్లి, టీకా వేయించుకున్న తల్లిని మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో అడగండి.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకులు కొందరు,
తూర్పు గోదావరి జిల్లా