ఆ ఒక్క మార్కు భయాన్నీ కొలవాలి

బాగా చదివే పిల్లల్లో 'ఒక్క తప్పు కూడా ఉండకూడదు' అనే పట్టుదల ఎప్పుడు భయంగా మారుతోందో మన బడుల్లో ఎవరూ కొలవడం లేదు. ఒంగోలులో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. మొన్న స్లిప్ టెస్టులో 25కి 24 వచ్చిన పాప ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సు అడుగున దాచింది. ఇంటికెళ్తే 'ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?' అని అడుగుతారట. అదే పాప ఒక అంకె వంకరగా పడిందని రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పెట్టింది. అప్పటికి ఇంకా మూడు లెక్కలు మిగిలే ఉన్నాయి. దీన్ని మనం శ్రద్ధ అని మెచ్చుకుంటున్నాం. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం వేరు, తప్పు జరుగుతుందేమోనని వణికిపోవడం వేరు. 1990లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాస్ట్ బృందం తెచ్చిన 35 వాక్యాల కొలమానం (ప్రశ్నావళి) ఈ రెంటినీ, తల్లిదండ్రుల ఆశలనూ విమర్శలనూ కూడా విడివిడిగా లెక్కిస్తుంది. ఫ్లెట్, హ్యూయిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల 22 వాక్యాల కొలమానమైతే పిల్లల కోసమే తయారైంది. వాటిని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే చాలదు, మన పిల్లలు మాట్లాడే మాటల్లో రాసి ఇక్కడే సరిచూడాలి. మా జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన మైనంపాడు డైట్ ఈ పని చేపట్టి, ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, నవోదయ ప్రవేశ పరీక్షలకు తయారయ్యే పిల్లలతో మొదలుపెట్టాలి. ఆ స్కోరు ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కకూడదు, ర్యాంకుగా మారకూడదు. టెన్షన్ ఎక్కువున్న పిల్లల తల్లిదండ్రులను పిలిచి మాట్లాడటానికే వాడాలి.

— ఒక లెక్కల టీచర్, ఒంగోలు